తడి ఇసుకలో ఒక్క జాడ

పోర్ట్‌బ్లెయిర్‌లో తెలుగువాళ్ల సభ ముగిశాక, ఆంధ్రా నుంచి వచ్చిన ఎమ్మెల్యే తవిటయ్య సముద్రం చూస్తానన్నాడు. ఒకప్పుడు అడవిలో దళాన్ని నడిపి, ఎదురుకాల్పుల్లో ఒక్కడే మిగిలిన మనిషి. సభ పెట్టించిన కాంట్రాక్టరు కూతురు లవీనా ఆయన్ని బ్రూక్షాబాద్ దగ్గరి తీరానికి తీసుకెళ్లింది.

చీకట్లో ఆయన అడుగేసిన చోటల్లా తడి ఇసుక నీలంగా మెరిసి ఆరిపోతోంది.

"డరో మత్ అంకుల్, భయపడకండి. సముద్రం పురుగులవి. కాలు పడితే మెరుస్తాయంతే," అంది లవీనా, వెనకాల పొడి ఇసుక మీద నడుస్తూ.

కాసేపటికి ఆమె గొంతు మారింది. "అంకుల్, మీ పాత అడుగులు మళ్లీ వెలుగుతున్నాయి. ఒకదాని తర్వాత ఒకటి. కొత్త అడుగులేం పడట్లేదు."

తవిటయ్య ఆగాడు గానీ వెనక్కి చూడలేదు.

"అడవిలో అంతేనమ్మా. ముందున్నోడి అడుగులోనే అందరూ అడుగెయ్యాల. పోలీసోళ్లకి ఒక్క మనిషి జాడే కనబడాల."

"కౌన్ హై అంకుల్? ఎవరు వాళ్లు?"

దళాన్ని ఆపే సైగలా ఆయన పిడికిలి పైకెత్తాడు. మెరుపు ఆగింది. అలల చప్పుడూ ఆగింది.

ఆయన పక్కకు జరిగి, వెనకున్నవాళ్లకి దారి వదిలాడు. ఎవరూ నడవని ఇసుకలో, సముద్రం వైపుగా, ఒక అడుగు నీలంగా వెలిగింది.

తవిటయ్య చెప్పులు విడిచి, సరిగ్గా అందులో తన కాలు పెట్టాడు.