మంగళవారం వచ్చే ఆవిడ

“అలా పక్కకు తిరిగి కూర్చుంటే ఆయనతో మాట్లాడేదెలాగండీ?” అంటూ నర్సు కుర్చీని మంచానికి ఎదురుగా లాగబోయింది.

కుర్చీలో ఉన్నావిడ లేవలేదు.

“ఎదురుగా కూర్చుంటే ఆయన తల దించుకోవాల్సి వస్తుందమ్మా. ఇలాగే బాగుంది,” అంది.

నర్సుకు ఒళ్లు మండింది. పెద్దావిడని ఏమీ అనలేక మందుల ట్రాలీ తోసుకుంటూ వెళ్లిపోయింది.

ఆ మానసిక వైద్యశాలలో నర్సుకు అది మూడో వారం. మంచం మీద ఉన్నది ఒక బస్సు డ్రైవరు. ఐదు నెలల క్రితం జోరువానలో అతని బస్సు కింద పడి ఒక ప్రాణం పోయింది. తప్పు అతనిది కాదని విచారణలో తేలింది. కానీ ఆ రోజు మూతపడిన నోరు మళ్లీ తెరుచుకోలేదు. పెడితే తింటాడు, ఇస్తే మందులు మింగుతాడు, మిగతా పొద్దంతా కిటికీలోంచి చూస్తూ కూర్చుంటాడు. అతని అన్న మొదటి నెల వచ్చిపోయాడు. తర్వాత ఫోను చేయడం కూడా మానేశాడు.

నెలాఖరుకల్లా మార్పు కనిపించకపోతే ఊరవతల ఉన్న దీర్ఘకాలిక వార్డుకు పంపేస్తామన్నాడు పెద్ద డాక్టరు. అక్కడికి వెళ్లినవాళ్లు తిరిగిరావడం అరుదని అందరికీ తెలుసు.

ఈలోగా అతని చేత మాట్లాడించి తీరాలని నర్సు పంతం పట్టింది.

పొద్దున్నే పలకరించింది. కబుర్లు చెప్పింది. ఎందుకు మాట్లాడరని నిలదీసింది. అంతా సర్దుకుంటుందని ధైర్యం చెప్పింది. ఒకరోజు బతిమాలింది కూడా. ఆమె గొంతు పెరిగేకొద్దీ అతను గోడవైపు తిరిగేవాడు.

ఆవిడ మాత్రం మంగళవారం మంగళవారం మధ్యాహ్నం వచ్చేది. సందర్శకుల రిజిస్టరులో తన పేరు పక్కన ‘అక్క’ అని రాసేది. గంటసేపు అతని పక్కన కూర్చునేది. ఒక కమలాపండు ఒలిచి, సగం అతని వైపు జరిపి, సగం తను తిని వెళ్లిపోయేది.

తోడబుట్టినదై ఉండి రెండు మంచి మాటలైనా చెప్పదేమిటని నర్సు లోలోపల విసుక్కునేది. ఒక మంగళవారం ఉండబట్టలేక మెట్ల దగ్గర అడిగేసింది.

“మీరైనా కాస్త ధైర్యం చెప్పొచ్చు కదండీ. బాగైపోతుంది, జరిగింది మరిచిపో అని.”

ఆవిడ గోడ పట్టుకుని ఆగింది. ఆయాసం తీరాక మెల్లగా అంది.

“నాకూ అందరూ అలాగే చెప్పారమ్మా. బాగైపోతుంది అన్న ప్రతిసారీ, ఇక నోరు మూసుకో అన్నట్టే వినిపించేది.”

నర్సు ఆవిడ మోచెయ్యి పట్టుకుని ఒక మెట్టు దించింది.

“ఆయన మూసుకున్నది నోరేగా, చెవులు కాదుగా. తొందరపెట్టకు. నువ్వు ఎక్కడికీ పోవని ఆయనకు తెలియాలి.”

తర్వాతి మంగళవారం ఆవిడ రాలేదు.

ఆ గంటసేపూ డ్రైవరు చూపు తలుపు మీదే ఉంది. అది నర్సు కంటబడింది.

మర్నాడు ఆమె అదే కుర్చీలో, అలాగే పక్కకు తిరిగి కూర్చుంది. పావుగంట కూర్చుని వెళ్తాననీ, ఆయన మాట్లాడక్కర్లేదనీ చెప్పింది.

పావుగంట ఊరికే ఉండటం ఎంత కష్టమో ఆమెకు అప్పుడే తెలిసింది. నాలుక చివరిదాకా వచ్చిన ప్రశ్నల్ని ఒక్కొక్కటే మింగేసింది. కూర్చోవడానికి కూడా డ్యూటీ వేస్తున్నారా అని తోటి నర్సులు ఆటపట్టించారు. నవ్వి ఊరుకుంది. రోజూ చెప్పిన వేళకే వెళ్లింది, చెప్పినంతసేపే కూర్చుంది. రెండో మంగళవారమూ ఆవిడ రాలేదు. నెలాఖరుకు ఇంకా నాలుగు రోజులే ఉన్నాయి.

ఎనిమిదో రోజు నర్సు లేవబోతుండగా బొంగురు గొంతు ఒకటి వినిపించింది.

“ఆవిడ రాలేదు.”

నర్సు చటుక్కున లేచింది. డాక్టరు గదికి పరుగెత్తాలనిపించింది. మళ్లీ కూర్చుంది.

“రాలేదండీ. మీరు ఆవిడ కోసం ఎదురుచూస్తున్నారు.”

“ఆవిడకి చెప్పాల్సింది ఉంది.”

ఏమిటని అడగబోయి ఆగిపోయింది. చాలాసేపటికి అతనే అన్నాడు.

“ముందు ఆవిడకే చెప్పాలి.”

ఆ మాటతో రెండు చేతుల్లో మొహం దాచుకుని భోరుమన్నాడు. ఏడవొద్దని నర్సు అనలేదు. ఏడుపు నెమ్మదించేదాకా అక్కడే కూర్చుంది.

వార్డు మార్చడం ఆగిపోయింది.

సెలవురోజు వస్తూనే రిజిస్టరులోని చిరునామా పట్టుకుని నర్సు ఆవిడ ఇల్లు వెతుక్కుంటూ వెళ్లింది. ఎలాగైనా ఆవిడను వెంటబెట్టుకుని రావాలనుకుంది. తలుపు తీసినాయన ఆవిడ భర్త. ఆసుపత్రి నుంచి ఆవిడ కోసం వచ్చానని ఆమె చెప్పగానే లోపలికి పిలిచి కూర్చోబెట్టాడు. ఆ తర్వాతే చెప్పాడు, భార్య పోయి పదకొండు రోజులైందని. గుండెజబ్బు. ఆ మంగళవారం ఆసుపత్రికి బయల్దేరబోతూ, చెప్పులు వేసుకుంటూనే కుప్పకూలిపోయిందట.

“డాక్టరు మెట్లెక్కొద్దన్నాడు. వింటేగా. అతను నోరు విప్పేదాకా వెళ్లి తీరతానంది. విప్పాడామ్మా?”

“విప్పారండీ. మొదటి మాట ఆవిడ గురించే.”

ఆయన తల పంకించి, కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

నర్సు కుర్చీలోంచి లేచింది. ఈ కబురు మీ బావమరిదికి ఎలా చెప్పాలో తెలియడం లేదనీ, మీరు కూడా వస్తే ఆయనకు కాస్త ఆసరాగా ఉంటుందనీ అంది.

“వస్తాను. తనకి చెప్పాలనుకున్నదేదో నేను వింటాను,” అన్నాడాయన చెప్పుల కోసం చూస్తూ. “కానీ నాకు బావమరుదులెవరూ లేరమ్మా. అతని బస్సు కింద పోయింది మా అమ్మాయే.”