అరగదీసిన రాయి

జ్ఞానప్రసూన గారు వెనక గుమ్మం మెట్ల మీద కూర్చుని, కొబ్బరిచిప్పంత రాయిని సిమెంటుకేసి రుద్దుతున్నారు. అమెరికా ఈశాన్య మూల, మెయిన్ రాష్ట్రంలో, అడవి అంచున ఉన్న ఇల్లు. ఆవిడకి అరవై ఎనిమిదేళ్ళు. ఎవరైనా చూస్తే మతి పోయిందనుకుంటారు. చూడ్డానికి ఎవరున్నారు గనక! పక్కింటికి వెళ్ళాలన్నా కారు తీయాలి.

రేపు శనివారం. ఫణి వస్తాడు. ఆలోగా ఈ రాయి అంచులు అరగాలి.

ఫణి మొదటిసారి వచ్చింది 2012 ఏప్రిల్‌లో, మంచు కరిగాక. కంపెనీ ట్రక్కు దిగి తలుపు కొట్టాడు. మీ స్థలంలో తిరిగి రాళ్ళు చూసుకోవచ్చా అని ఇంగ్లీషులో మొదలుపెట్టి, లోపల్నుంచి ఇంగువ పోపు వాసన రాగానే ఆగిపోయాడు.

"తెలుగువాళ్ళా ఆంటీ?"

అతని పని లిథియం వెతకడం. ఫోన్ బ్యాటరీల్లో వాడే లోహం.

"ఇక్కడ కింద ఏ రాయి ఉందో కనబడదాంటీ, పైనంతా మట్టే. వేల ఏళ్ళ కిందట కొండంత మందాన మంచు ఈ నేలని దున్నుకుంటూ పోయింది. రాళ్ళని పెళ్ళగించి, ఈడ్చుకెళ్ళి ఎక్కడెక్కడో పారేసింది. లిథియం రాయి ఒక్కటి దొరికితే చాలు, మంచు వచ్చిన దారినే వెనక్కి వెళ్ళి అది పుట్టిన చోటు పట్టుకోవచ్చు."

ఆవిడకి ఇదేం కొత్త కాదు. భర్త కేశవరావు గారు ఇక్కడి కాలేజీలో జన్మంతా జియాలజీయే చెప్పారు. ఆయనుండగా ఏడాదికోసారి ఏడు గంటలు డ్రైవ్ చేసి, మనవాళ్ళ కొట్లుండే ఎడిసన్ వెళ్ళి, పచారీ సరుకులు తెచ్చుకునేవారు. ఆయన పోయాక అదీ లేదు. పిల్లల్లేరు. తెలిసినవాళ్ళంతా బోస్టన్‌లో. ఓసారి రండమ్మా అంటే, "ఈ వీకెండ్ బిజీ ఆంటీ, తర్వాత ప్లాన్ చేద్దాం" అంటారు. కొన్నాళ్ళు పిలిచి, మానేశారు. పిలిచి లేదనిపించుకోవడం ఆవిడ వల్ల కాదు. ఆ పౌరుషంతోనే ఇన్నాళ్ళూ ఒంటరిగా మగ్గారు.

ఫణి మాత్రం పిలవకుండానే వచ్చాడు. పని మీద. పొద్దున్నుంచీ అడవిలో తిరిగి, మధ్యాహ్నం ఆవిడ బల్ల దగ్గర కూర్చుని పప్పుచారు జుర్రుకునేవాడు. ఆ చప్పుడు వింటుంటే ఆవిడకి ప్రాణం లేచొచ్చేది.

జూన్‌లో ఓరోజు తలొంచుకుని చెప్పాడు.

"ఏమీ దొరకలేదాంటీ. వచ్చేవారం వచ్చి, గుర్తుకని చెట్లకి కట్టిన రిబ్బన్లు విప్పుకెళ్తాను. ఇక అంతే."

అతను వెళ్ళగానే బేస్‌మెంట్‌లోకి దిగారు. కేశవరావు గారు దేశమంతా తిరిగి పోగేసిన రాళ్ళున్నాయక్కడ. అందులో ఒక అర నిండా లిథియం రాళ్ళే, లేత ఆకుపచ్చవి. ఒకటి తీసుకెళ్ళి బాట పక్కన నాచులో సగం పూడ్చి వచ్చారు.

మరుసటి వారం ఫణి ఆ రాయిని తిప్పి తిప్పి చూశాడు.

"మంచు ఇంత దూరం ఈడ్చుకొస్తే అంచులు అరిగిపోవాలే. ఇంత పదునుగా ఉన్నాయేంటాంటీ?"

ఆవిడ చూపు తిప్పుకున్నారు. "మెత్తటి చోట దొర్లిందేమోనయ్యా!"

ఫణి ఆవిడ వంక ఓ క్షణం చూశాడు. "అవునవును. అయితే మళ్ళీ రావాల్సిందే" అన్నాడు.

అప్పట్నుంచే ఈ రుద్దుడు.

ఫణి శనివారం విడిచి శనివారం వస్తున్నాడు. ట్రక్కు రిపేర్‌లో ఉందట, సొంత కారే. ఎర్రబడ్డ కళ్ళతో ఆవులిస్తూ దిగుతాడు. సెలవు రోజు కూడా వదలని ఆ కంపెనీని ఆవిడ నోరారా తిడతారు. ఒకసారి గోంగూర కట్ట తెచ్చాడు. "ఈ అడవిలో గోంగూరెక్కడిదయ్యా?" అంటే, "దారిలో దొరికిందాంటీ" అన్నాడు. నారింజ రంగు కోటు తొడుక్కుని, సుత్తి పట్టుకుని వెళ్ళి, అరగంటలో రాయితో తిరిగొస్తాడు. "ఇది భలే అరిగిందాంటీ!" అని మెచ్చుకుంటాడు. ఆ పూటంతా ఇంట్లో కబుర్లే.

అక్టోబర్ వచ్చేసరికి అరలో ఈ ఒక్క రాయే మిగిలింది. కిందటిసారి ఆవిడ మాటవరసకి అడిగారు.

"ఇన్ని దొరికాయిగా, తవ్వరా మరి?"

ఫణి ముద్ద కలుపుతూ ఆగాడు. "తవ్వుతారాంటీ. నేల గడ్డకట్టాక డ్రిల్లింగ్ మెషిన్ వస్తుంది. అప్పుడు నేను చలికాలమంతా వస్తూనే ఉండాలి."

ఆవిడ సంబరపడ్డారు. ఆ సంబరం అతని కారు మలుపు తిరిగేదాకానే. మెషినంటే మాటలా! కింద చూస్తే ఏమీ ఉండదు. ఎవరి మెడకి చుట్టుకుంటుంది? ఆ పిల్లాడికే. ఉద్యోగం పోతుంది, దాంతో వీసా పోతుంది.

రుద్దుతున్న చెయ్యి ఆగింది. నిజం చెబితే ఫణి ఇక ఈ గడప తొక్కడు. మళ్ళీ ఆ గోడలూ, తనూ. చెప్పకపోతే అతని బతుకు బజారున పడుతుంది.

"నాకు తోడు కావాలని వాడి నోట్లో మట్టి కొడతానా? ఛీ!" అని పైకే తిట్టుకున్నారు. కళ్ళు తుడుచుకుని లోపలికి వెళ్ళి, ఫణి మొదటిరోజు ఇచ్చిన కార్డు మీది ఆఫీస్ నంబరుకి ఫోన్ చేశారు.

మేనేజర్ ఎత్తాడు. ఆవిడ గుక్క తిప్పుకోకుండా చెప్పేశారు. ఆ రాళ్ళన్నీ తనవేనని, పెట్టింది తనేనని, మెషిన్ పంపొద్దని, ఫణి తప్పేమీ లేదని, అతన్ని ఉద్యోగంలోంచి తీసేయొద్దని.

మేనేజర్ నెమ్మదిగా అన్నాడు.

"మేడమ్, ఆ ప్రాజెక్ట్ మేం జూన్‌లోనే ఎత్తేశాం, ఫణి అప్పట్నుంచీ ఎడిసన్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకుంటున్నాడు."