టిక్కుమనే మీట

మనసులో మాటను రాసి పంపే పట్టీలు అందరి నుదుటికీ వచ్చాక కీబోర్డులు మూలపడ్డాయి. వకుళ మాత్రం తన మొదటి కీబోర్డు కొనడానికి భర్త చక్రధర్‌తో కలిసి కొట్టుకు వచ్చింది. నిన్న ఆమె మేనేజరుకు జవాబు రాస్తుంటే, ముద్దపప్పులో చింతపండు వెయ్యాలా అని చక్రధర్ అడిగాడు. "నీ మొహం" అని ముద్దుగా అనుకుంది. పట్టీ దాన్ని మేనేజరుకు పంపేసింది.

కొట్టాయన మీటల కింద బిగించే స్విచ్చులు మూడు రకాలు ముందు పెట్టాడు. నొక్కితే ఎర్రది చప్పుడు లేకుండా దిగుతోంది. గోధుమరంగుది సగం దిగాక వేలికి చిన్న గతుకులా తగులుతోంది. నీలంది టిక్కుమంటోంది.

"ఎర్రది తీసుకోవే, ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది" అన్నాడు చక్రధర్.

"ఇప్పటికే మనింట్లో కుక్కరు తప్ప ఎవరూ నోరు విప్పట్లేదు" అని వకుళ నీలందే తీసుకుంది.

ఆ సాయంత్రం గదిలోంచి కాస్త టిక్కుటిక్కు వినిపించి ఆగింది. వంటింట్లో చక్రధర్ తన పట్టీకి వచ్చిన సందేశం తెరవకుండానే నవ్వాడు.

"ఈసారి ఎవరి మొహం?"

"నీదే!"