టిబుర్సియో తాగని నీళ్ళు

"ఇవి కప్పగుడ్లు. నేను తాగను," అన్నాడు టిబుర్సియో, సీసాను వెలుతురుకెత్తి చూస్తూ. నిమ్మరసంలో నానిన చియా గింజలు జిగురుజిగురుగా తేలుతున్నాయి.

"కప్పగుడ్లలో ఇంత పీచుంటుందా? పాలను మించిన కాల్షియం ఉంటుందా?" అంది భార్య హెర్మెలిందా. "చేపల్లో ఉండే మంచి కొవ్వూ ఉందిట, గుండెకు బలం. మీ ముత్తాతలు గుప్పెడు నోట్లో వేసుకుని పగలంతా పరిగెత్తేవాళ్ళు."

"పరిగెత్తరూ మరి! ఆగితే మళ్ళీ పెడతారని."

గుర్రపు జీన్లు కుట్టే పని మానేశాక టిబుర్సియో కుర్చీకి అతుక్కుపోయాడు. ఒంట్లో చక్కెర పెరిగింది. ఇలాగే ఉంటే చూపు పోతుందని డాక్టరమ్మ నోయెమీ చెప్పినప్పుడు నవ్వేశాడు గానీ, ఆ రాత్రి దీపం ఆర్పడానికి భయపడ్డాడు. అయినా ఆ జిగురు మాత్రం గొంతు దిగలేదు.

మొదట పెరట్లో పూలకుండీలో పోశాడు. నాలుగు రోజులకే కుండీ నిండా పచ్చగా మొలకలు!

"ఏమయ్యా, కుండీకి కూడా కాల్షియం తక్కువైందా?" అంది హెర్మెలిందా.

"బయట గాలి తగిలితేగానీ నాకు దిగదే," అని సీసా పట్టుకుని వీధిలోకి నడిచాడు.

కాలువ దగ్గర మూత తీశాడో లేదో, రొట్టెలమ్మే చాయో చీపురుతో ప్రత్యక్షమైంది. "తాగు మామా, తాగు! నేను చూస్తుండగా తాగు."

మర్నాడు ఊరి మధ్య ఫౌంటెన్ దాకా వెళ్ళాడు. బెంచీ వెనకనుంచి ఫాదర్ అన్సెల్మో లేచాడు. "దేవుడిచ్చిన గింజ నాయనా, ఓ గుక్క వెయ్యి."

ఓ గుక్క నోట్లో పోసుకున్నాడు గానీ, ఫాదర్ ముందు ఉమ్మలేడు, మింగలేడు. బుగ్గలు పొంగించుకుని ఏటివంతెన దాకా నడిచాడు. అక్కడ కింద పెళ్ళిబాజా వాళ్ళు సాధన చేస్తున్నారు. అతని చేతిలో సీసా చూడగానే "తాత ఆరోగ్యం కోసం!" అంటూ బూరలన్నీ ఒక్కసారి ఊదారు. ఆ అదురుకి నోట్లోది కాస్తా లోపలికి జారిపోయింది.

ఇక లాభం లేదని కలబంద తోటలు దాటి కొండెక్కడం మొదలుపెట్టాడు. పైన పురుగైనా లేదు. రోజూ అక్కడ ఒలకబోసి, ఖాళీ సీసా ఊపుకుంటూ యుద్ధం గెలిచినవాడిలా దిగొచ్చేవాడు. ఆకలి దంచేసేది. పడుకుంటే నిద్ర ముంచుకొచ్చేది.

వానలు మొదలయ్యేసరికి డాక్టరమ్మ పరీక్ష కాగితం చూసి కళ్ళజోడు తీసింది. "చక్కెర దాదాపు దారికొచ్చింది, టిబుర్సియో గారూ! ఏం చేశారు?"

టిబుర్సియో ఛాతీ విరిచాడు. "అంతా చియా మహిమ డాక్టరమ్మా. పీచు. కాల్షియం. చేపల్లో ఉండే కొవ్వు. పొద్దున్నే ఒక్క చుక్క వదలకుండా తాగుతాను."

హెర్మెలిందా శాలువా చెంగు నోటికడ్డం పెట్టుకుంది. దగ్గొచ్చిందనుకున్నాడు పాపం. టోపీ తగిలించుకుని, వరండాలో కూచున్న రోగులకు చియా గొప్పతనం బోధించడానికి బయటికి పోయాడు.

తలుపు మూసుకోగానే హెర్మెలిందా బల్లమీదికి వంగి, గొంతు తగ్గించింది.

"ఇంకాస్త దూరం నడిపించడానికి కొండమీద కూడా ఒకర్ని నిలబెట్టమంటారా, డాక్టరమ్మా?"