రికార్డర్ పెట్టాల్సిన చోటు

"కెమెరాలు పెట్టిస్తున్నారట కదమ్మా?"

గేటు దగ్గర నిలబడ్డ మనిషికి అరవై ఏళ్లుంటాయి. ఇస్త్రీ చొక్కా, చేతిలో కొలతల టేపు.

టీచర్ ఆ పొద్దునే కెమెరాల షాపులో అడ్రసు చెప్పి వచ్చింది. ఇంత తొందరగా మనిషిని పంపుతారనుకోలేదు.

"రండి, రండి" అంది.

ఆయన చెప్పులు విప్పి లోపలికొచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు. గోడలకేసి చూస్తూ హాలంతా తిరిగాడు.

"మధ్యాహ్నం ఇంట్లో ఎవరుంటారు?"

"మా అమ్మ ఒక్కతే. నేను స్కూలు నుంచి వచ్చేసరికి నాలుగున్నర."

"ఆవిడ పడుకునేది?"

"ఆ మూల గదిలో. ఎందుకండీ?"

ఆయన పెరట్లోకి వెళ్లి, వంటింట్లోంచి పెరటి తలుపు గడియ పెట్టుకోమన్నాడు. ఆమె పెట్టింది.

కిటికీ ఊచల మధ్య నుంచి ఒక చెయ్యి లోపలికొచ్చింది. గోడను తడుముకుంటూ గడియను అందుకుంది. చప్పుడు కాకుండా లాగింది.

తలుపు తెరుచుకుంది. గుమ్మంలో ఆయన.

"ముందు ఈ కిటికీకి జాలీ కొట్టించండి."

టీచర్ గడియ వంకా, కిటికీ వంకా చూసింది.

"ఎవరే అమ్మాయ్, పిల్లిలా తిరుగుతున్నాడు?" మూల గదిలోంచి తల్లి కేకేసింది.

ఆయన ఆ మాట విన్నట్టు లేదు. టేపు లాగి అటక ఎత్తు కొలుస్తున్నాడు.

"కేబుల్ గోడ మీద కనపడకూడదమ్మా. కనపడిందో, దాన్ని పట్టుకుని తిన్నగా బొమ్మలన్నీ దాచే రికార్డర్ దగ్గరికే వస్తాడు. పైపులో పెట్టి, స్లాబు మీదుగా తిప్పి, అటకలోకి దించమనండి. రికార్డర్ అక్కడే, ఆ ట్రంకు పెట్టెల వెనకాల పెట్టించండి. కాస్త గాలి ఆడితే చాలు."

"ఎవరండీ వచ్చేది?"

"వచ్చేవాడు." ఆయన టీవీ వైపు తిరిగాడు. "ఇక్కడ ఉత్త డబ్బా ఒకటి పెట్టండి. చిన్న లైటు వెలుగుతుండాలి. వాడు దాన్నే పట్టుకుపోతాడు."

అప్పుడే ఫోను మోగింది.

"మేడమ్, షాపు నుంచి. మా టెక్నీషియన్ రేపు పదింటికి వస్తాడండీ."

"మరి ఇవాళ వచ్చినాయన?"

"ఇవాళ మేమెవర్నీ పంపలేదే!"

టీచర్ ఫోను పెట్టేసి ఆయన వైపు తిరిగింది. "ఎవరు నువ్వు?"

"షాపు మనిషినని నేను చెప్పలేదమ్మా" అన్నాడాయన నెమ్మదిగా. "రమ్మన్నారు, వచ్చాను."

"బయటికి నడు! నడుస్తావా, వీధిలో వాళ్లని పిలవనా?"

ఆయన చెప్పులేసుకున్నాడు. గేటు దాటాక కూడా, "అటక మీదమ్మా, మరిచిపోకండి" అన్నాడు.

"ఇంటి గుట్టంతా కళ్లతోనే కొలుచుకుపోయాడే!" అంది తల్లి.

మర్నాడు టెక్నీషియన్ వచ్చాడు. "రికార్డర్ ఎక్కడ పెట్టమంటారు మేడమ్?"

"ఎక్కడైనా సరే, అటక మీద మాత్రం వద్దు."

"టీవీ కింద పెట్టేస్తా. చేతికందుతుంది. అందరూ అక్కడే పెట్టించుకుంటారు."

గంటలో పనైపోయింది. తెల్లటి గోడ మీద నల్లటి కేబుల్ జారుకుంటూ వచ్చి టీవీ వెనక దూరింది. నాలుగు కెమెరాలుండగా కిటికీకి జాలీ ఎందుకనిపించింది.

రెండు రోజులకు టీచర్ రికార్డింగు వేసి చూసింది. మధ్యాహ్నం రెండింటికి, రోడ్డవతల, ఆయన!

కదలడు, మెదలడు. తిన్నగా కెమెరాలోకి చూస్తున్నాడు. కాసేపటికి చెయ్యెత్తి, కేబుల్ వెళ్లిన దారంతా గాల్లో వేలితో గీశాడు. కాదు, కాదు అన్నట్టు తలాడించాడు.

ఆ మర్నాడూ అంతే. ఆ పైరోజూ అంతే.

టీచర్ పోలీస్ స్టేషన్‌కి వెళ్లి కంప్లయింట్ ఇచ్చి వచ్చింది. అప్పటినుంచి రోడ్డవతల ఎవరూ కనపడలేదు.

మూడు వారాలు గడిచాయి.

ఆ రోజు ఆమె స్కూలు నుంచి వచ్చేసరికి పెరటి తలుపు బార్లా తెరిచి ఉంది. తల్లి వంటింట్లో నేల మీద పడి మూలుగుతోంది. తుంటి విరిగింది. బీరువా ఖాళీ.

"చెయ్యొచ్చిందే" అంది తల్లి, కూతురి కొంగు పట్టుకుని. "కిటికీలోంచి చెయ్యొచ్చింది. మొహం కనపళ్లేదే."

టీచర్ హాల్లోకి పరుగెత్తింది. నాలుగు కెమెరాలూ గోడల మీద ఉన్నాయి. టీవీ కింద తెగిన కేబుల్ వేలాడుతోంది. రికార్డర్ లేదు.

తల్లిని ఆసుపత్రిలో చేర్పించి, తిన్నగా స్టేషన్‌కి వెళ్లింది.

"వాడే! ఆ గడియ సంగతి వాడికొక్కడికే తెలుసు. నా కళ్లెదుటే తీసి చూపించాడు. వాణ్ణి పట్టుకురండి!"

ఎస్సై ఆమెను కూర్చోమని మంచినీళ్లు తెప్పించాడు.

"ఆయన కాదమ్మా. మధ్యాహ్నమంతా ఆయన ఇక్కడే ఉన్నాడు, ఆ బెంచీ మీద."

టీచర్ తిరిగి చూసింది. బెంచీ ఖాళీగా ఉంది.

"ఇదివరకు షాపు దగ్గర నిలబడి ఎవరు కెమెరాలు కొంటున్నారో చూసి, వాళ్లిళ్లకి వెళ్లి రికార్డర్ ఎక్కడ దాచాలో చెప్పొచ్చేవాడు. మీ కంప్లయింట్ వచ్చాక ఎవరింటికీ వెళ్లొద్దని రాయించుకున్నాం. అప్పట్నుంచీ రోజూ ఇక్కడికొచ్చి, 'పెట్టె దొరికిందా సార్?' అని అడిగి కూర్చుంటున్నాడు."

"ఏం పెట్టె?"

ఎస్సై కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

"వాళ్లింట్లోనూ నాలుగు కెమెరాలుండేవమ్మా. ఆయన భార్యని చంపినవాడి మొహం, వాడు ఎత్తుకుపోయిన రికార్డర్‌లోనే ఉంది, దాన్ని ఆయనే తన చేతులతో టీవీ కింద పెట్టుకున్నాడు."