ఇరవై నాలుగు కుట్లు

"కుదరదంటే కుదరదు!" అంటూ అతను కీబోర్డు మీద టకటకా కొట్టాడు.

ఊలు అల్లికలకు నమూనాలు గీసిపెట్టే ప్రోగ్రాం అది. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, లోపలి కోడ్ తెరిచి చూడొచ్చు. దాని బాగోగులు చూసేది ఇద్దరే: అతనూ, అల్లికలు నేర్పే వాళ్ల వదినా. ఆరు నెలలకో కొత్త వెర్షన్ వదులుతారు. ఈసారి కొత్త సౌకర్యాలకు నిన్నటితో తలుపులు మూసేశారు. ఇక తప్పులు దిద్దడమే.

సరిగ్గా అప్పుడు ప్రోగ్రాం చర్చల పేజీలోకి 'పిల్లిమీసం' అనే పేరుతో ఎవరో దిగారు.

"మేజోళ్లకి మీ ప్రోగ్రాం నలభై కుట్లకి తక్కువైతే ఒప్పుకోవట్లేదు. నాకు ఇరవై నాలుగు కావాలి. ఈ వెర్షన్‌లోనే."

"అది కొత్త సౌకర్యమండీ. వచ్చే వెర్షన్‌లో చూద్దాం," అని అతను జవాబు రాశాడు.

"సౌకర్యం కాదండీ, తప్పు! 'ఏ కాలికైనా సరే' అని మొదటి పేజీలో గొప్పలు పోయింది మీరే. తప్పులు దిద్దుతామన్నదీ మీరే."

అతను మొదటి పేజీ తెరిచి చూశాడు. ఆ మాట పెద్ద అక్షరాల్లో ఉంది.

ఫోన్ స్పీకర్లోంచి వదిన పకపకా నవ్వింది. "ఎవరో గానీ గడుసు పిండమే! అడ్డంగా దొరికిపోయావోయ్ మరిదీ."

"నవ్వకు వదినా! పోయినసారి ఇలాగే ఆఖర్లో ఒకటి దూర్చి, స్వెట్టర్లన్నిటికీ మూడేసి చేతులు మొలిపించాం."

"మూడో చెయ్యి కొందరికి నచ్చింది కూడానూ! ఒక్క అంకెకేగా ఈ రభస? నువ్వు మార్చు, నేను అల్లి చూస్తా."

అతను గొణుక్కుంటూనే నలభైని ఇరవై నాలుగు చేశాడు. ఫోన్లో సూదుల చప్పుడు మొదలైంది. గంట గడిచేసరికి వదిన కేక పెట్టింది.

"మడమ అచ్చంగా కుదిరింది! నా రెండు వేళ్లకి తొడుక్కుని బల్లమీద నడిపిస్తున్నా. అబ్బ, ఎంత ముద్దొస్తోందో!"

అతనికీ నవ్వాగలేదు. దిద్దిన తప్పుల జాబితాలో దాన్ని చేర్చి, ఈ వెర్షన్‌లోకే ఎక్కించేశాడు. తర్వాత పిల్లిమీసానికి రాశాడు: "మీరే గెలిచారు. ఇంతకీ బొమ్మలకేనా? బొమ్మలు ఇంకో ఆరు నెలలు ఆగలేవూ?"

మరుక్షణం జవాబొచ్చింది.

"బొమ్మలు ఆగుతాయి, నేనూ ఆగేదాన్నే, మీ బిడ్డే ఆగదు. ఏమండోయ్, ఇకనైనా ఆ తెర వదిలి వెనక్కి తిరగండి!"