ముందు దాచింది ముందు

పొద్దున్నుంచీ ఆమె కాలు ఒకచోట నిలవడం లేదు. పొయ్యి దగ్గరికి వెళ్తుంది, స్టోర్‌రూమ్ గుమ్మం దాకా వస్తుంది, మళ్లీ పొయ్యి దగ్గరికే.

స్టోర్‌రూమ్‌లో నాలుగు డ్రమ్ములు. పప్పు ఒకటి, గోధుమలు ఒకటి, బియ్యం రెండు. అన్నీ బాగా ఎండబెట్టి, గాలి చొరకుండా మూతల చుట్టూ టేపు బిగించి, తేదీలు వేసి పెట్టాడు భర్త. ఆయన గోదాములో స్టోర్‌కీపర్. ఇల్లు కూడా గోదామే అనుకుంటాడు. నెలనెలా డ్రమ్ములను కాటా ఎక్కిస్తాడు, ఆమె అంకె చదవాలి. అయిదేళ్లు నిండేదాకా మూత మాత్రం తీయకూడదు.

ఆ అయిదేళ్లూ ఇవాళ నిండాయి.

మొదటి బియ్యం డ్రమ్ములో ఉన్నది ఇసుక. నిరుడు చెల్లెలి భర్త పనిచేసే ఫ్యాక్టరీ మూతపడింది. "బావకి మాత్రం తెలియనివ్వకక్కా" అని చెల్లెలు ఏడ్చింది. తోడల్లుళ్లిద్దరికీ మూడేళ్లుగా మాటల్లేవు మరి. ఆయన డ్యూటీకి వెళ్లినప్పుడల్లా ఆమె సంచీడు సంచీడు బియ్యం చేరవేసి, అంతే బరువు ఇసుక పోసి, టేపు తిరిగి అంటించింది. ఇప్పుడు బయటపడితే చెల్లెలు మళ్లీ ఈ గడప తొక్కలేదు.

"కత్తెరేదీ?" అన్నాడు భర్త.

"ఇంకో నెల ఆగుదామండీ. ఏం ముంచుకొచ్చిందని?"

"పురుగు పట్టాక తీద్దామా?"

"పోనీ, రెండోది తీద్దాం. చేతికి అందేట్టు ఉంది."

ఆయన గయ్యిమన్నాడు. "ముందు దాచింది ముందు తీయాలి! ఇరవయ్యేళ్ల సర్వీసు నాది, నాకు చెప్తావా? దాని జోలికి వెళ్లకు."

మొదటి డ్రమ్ము టేపుకు కత్తెర ఆనించాడు. ఆమెకు పైప్రాణాలు పైనే పోయాయి. చటుక్కున కత్తెర లాక్కుని, రెండో డ్రమ్ము టేపు పరపరా కోసేసింది.

"వద్దంటుంటే!" అంటూ ఆయన మూతను అదిమిపట్టాడు. ఆమె లాగింది. ఇద్దరి పెనుగులాటలో మూత ఊడి దబ్బున కిందపడింది.

లోపల ఇసుక.

ఈ డ్రమ్మును ఆమె ఎన్నడూ ముట్టుకోలేదు.

భర్త నేలచూపులు చూస్తూ గొణిగాడు.

"మీ అక్కచెల్లెళ్లిద్దరికీ తెలియనివ్వనని నీ చెల్లెలి మొగుడికి ఒట్టేశానే!"